భుజం ఎత్తు గీత

ఇద్దరు వియ్యంకుల్నీ ఒకే గోడకి చెరో కొసనా నిలబెట్టి, పోయిన వారం మనం తలుపు దగ్గరగా వేసి వచ్చేశాం. లోపల ఏం జరిగిందో చెప్పకుండా వెళ్ళిపోయానని మీలో ఎందరు నన్ను తిట్టుకున్నారో తెలీదు గానీ, ఆ గోడ ముందు అందరికంటే ఎక్కువ సతమతమైంది మాత్రం గరిటె.

గరిటె అంటే వంటింట్లోది కాదు, మన పొట్టిమేస్త్రి కూతురు. ఆరేళ్ళప్పుడు నాన్న కర్రపుల్లతో గోడలకి పూసే లప్పం కలుపుతూ తంటాలు పడుతుంటే చూడలేక, వాళ్ళమ్మ గరిటె పట్టుకొచ్చి బకెట్లో తిప్పేసింది. ఆ గరిటె మళ్ళీ పొయ్యి ముఖం చూడలేదు. పిల్లకి మాత్రం ఆ పేరు ఖాయమైపోయింది. పెళ్ళయ్యాక అత్తవారింట్లో అయినా అసలు పేరుతో పిలుస్తారని ఆశపడింది, పాపం. అత్తవారిదీ అదే పనాయె, వాళ్ళకి గరిటె అన్న పేరు తెగ నచ్చేసింది.

పొట్టిమేస్త్రీ, గరిటె మామగారు పొడుగుమేస్త్రీ ఇద్దరూ చేసేది గోడల పనే. జిప్సమ్ బోర్డులు బిగించి వడ్రంగులు వెళ్ళిపోయాక ఆ బోర్డుల మధ్య సందుల మీద కాగితం పట్టీ అంటించి, లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ పెట్టి, చివర గోడంతా పల్చగా ఒక పూత లాగి, ఉప్పుకాగితంతో రుద్ది, ఎక్కడ ఏ సందుందో దేవుడికి కూడా తెలీకుండా చేయడం. ఈ పనిలో ఒక మర్యాద ఉంది. ఒకరు పూసిన గోడని ఇంకొకరు అడక్కుండా రుద్దరు. రుద్దితే, నీ పూత పనికిరాదు పోవయ్యా అని ముఖం మీద చెప్పినట్టే.

మూడు నెలల కిందట పొడుగుమేస్త్రి చేసింది సరిగ్గా అదే. కూతురూ అల్లుడూ ఉండబోయే గదికి పొట్టిమేస్త్రి తన చేత్తో పూత వేసి, రేపొచ్చి రుద్దుతానని చెప్పి వెళ్ళాడు. పొద్దున్నే వచ్చి చూస్తే గోడలు నాలుగూ రుద్దేసి ఉన్నాయి. నేలంతా తెల్లటి పొడి, ఆ పొడిలో వియ్యంకుడు, చేతిలో ఉప్పుకాగితం. ఎందుకు రుద్దారు బావగారూ అంటే జవాబు లేదు. ఆ మౌనం మీద మాటా మాటా పెరిగింది. గరిటె తండ్రి పక్షం మాట్లాడింది, మొగుడు ఎవరి పక్షమూ మాట్లాడలేదు. నోట్లో నాలుక లేని మొగుడితో వేగలేనని ఆమె సంచీ సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. రేపు ఆదివారం పెద్దమనుషులు కూర్చుని ఈ కాపురం ఉంటుందో ఊడుతుందో తేల్చేస్తారు.

తేలడం గరిటెకి ఇష్టం లేదు. ఆమెకి తిరిగి వెళ్ళిపోవాలని ఉంది. అయితే నాన్న తల దించుకోకుండా వెళ్ళాలని ఉంది. ఈ రెండూ ఎలా కుదురుతాయో ఆమెకి మూడు నెలలుగా తోచడం లేదు.

ఇంతలో కొత్తగా ఒక హాలు కట్టిస్తున్న ఇంజనీరమ్మ నుంచి పిలుపొచ్చింది. యాభై అడుగుల పొడవు గోడ, మధ్యలో కిటికీ లేదు, అలమారా లేదు, దాచుకోవడానికి మూలైనా లేదు. అంత గోడని ఒక్కరు పూస్తే ఈ కొస నుంచి ఆ కొసకి చేరేలోపు మొదలుపెట్టింది ఆరిపోతుంది, అతుకు కనబడుతుంది. అందుకని రెండు కొసల నుంచీ ఇద్దరు మొదలుపెట్టి నడుమ కలవాలి. ఇద్దరు మేస్త్రీలకీ ఆవిడ విడివిడిగా కబురంపింది, రెండోవాడు ఎవరో చెప్పలేదు. వచ్చాక చూసుకుని ఇద్దరూ వెనక్కి తిరిగేవాళ్ళే. ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే నలుగురిలో ముఖం ఎత్తుకోలేరు కాబట్టి ఆగారు. తండ్రికి లప్పం అందించడానికి ఈ కొసన గరిటె, ఆ కొసన ఆమె మొగుడు. నిన్నంతా నలుగురూ ఒకే గోడ పూశారు, ఒక్క మాట కూడా అనుకోలేదు. నీళ్ళ గొట్టం ఒక్కటే ఉండేసరికి అది మాత్రం అటూ ఇటూ నడిచింది.

ఈ పొద్దున గోడ ఆరింది. రుద్దేముందు దీపం పెట్టి చూడాలి.

దీపం పెట్టడం అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నా. గోడకి ఎదురుగా దీపం పెడితే ఏ గోడైనా అద్దంలానే ఉంటుంది. అదే దీపాన్ని గోడకి ఆనించి, వెలుగు గోడ వెంటే పారేలా పట్టుకుంటే అప్పుడు బండారం బయటపడుతుంది. వెంట్రుకవాసి గట్టు కూడా జానెడు నీడ వేస్తుంది. ఇద్దరు కలిసిన చోట ఎప్పుడూ గోడకి కొంచెం పొట్ట వస్తుంది, ఎందుకంటే ఇద్దరి చేతి బరువూ ఒకేలా ఉండదు. ఆ పొట్ట ఎవరిది అని పోట్లాడుకుని పనిలోంచి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఇద్దరూ దాని కోసమే పొంచి ఉన్నారని గరిటెకి తెలుసు. గోడ మధ్య పొట్ట కనబడిందా, అది నీదంటే నీదని మొదలవుతుంది, రేపు పెద్దమనుషుల ముందు అదే సాక్ష్యమవుతుంది. అందుకే రాత్రి ఆమెకి కునుకు పట్టలేదు.

ఇంజనీరమ్మ మిగతా గోడల కిటికీ తలుపులన్నీ మూయించింది. పొడవాటి తీగ ఉన్న దీపాన్ని గరిటె చేతికిచ్చి, నడుమ నుంచి మొదలుపెట్టమంది. గరిటె గోడకి దీపం ఆనించింది. మేస్త్రీలిద్దరూ చెరో పక్కా మెడలు సాచారు, ఎడమొహం పెడమొహంగా ఉంటూనే.

పొట్ట లేదు.

ఇంజనీరమ్మ అరచేత్తో రాసి చూసింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి రాసింది. ఇక్కడేనా కలిసిందని అడిగింది. ఇక్కడే మేడమ్, నిన్న పెన్సిల్‌తో పైన గుర్తు కూడా పెట్టానని గరిటె మొగుడు చూపించాడు. ఈ పనిలో పన్నెండేళ్ళుగా ఉన్నాను, నడుమ పొట్ట రాని గోడ ఇదే మొదటిసారి చూడటం అంది ఆవిడ. పొగిడితే సంతోషించాలి గదా, మన మేస్త్రీలిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. గరిటె అది గమనించింది. బాగా వచ్చిన పనికి మనుషులు ఇలా ముఖాలు పెట్టడం ఏమిటని ఆమెకి మొదట అనుమానం తగిలింది అక్కడే.

పొట్ట ఎటూ లేదు కదా, ఇక కొసల వరకూ చూసేద్దామని ఆమె దీపాన్ని మెల్లగా జరిపింది. అప్పుడు కనబడింది గీత.

సన్నటి గీత. పూత కత్తి కిందనుంచి పైకి వెళుతూ వెళుతూ, ఒక చోట ఆగి, అక్కణ్ణుంచి అడ్డంగా తిరిగినప్పుడు మిగిలే దారమంత గట్టు. గరిటెకి అది కొత్త కాదు. పదేళ్ళ వయసు నుంచీ నాన్న గోడలు రుద్దుతున్నది ఆమే. ప్రతి గోడ మీదా ఆ గీత ఉంటుంది, ఉప్పుకాగితంతో రెండు తిప్పులు తిప్పితే పోతుంది. అది నాన్న చేతివాటమని ఎప్పుడూ అనుకునేది. ఆమె ఆగిపోయింది అందుకు కాదు. గీత నడుమ దగ్గర తెగలేదు. పెన్సిల్ గుర్తు దాటి, మామగారు పూసిన సగంలోకి, అదే ఎత్తులో, మెలిక లేకుండా వెళ్ళిపోయింది.

ఆమె దీపం పట్టుకుని ఆ కొసదాకా నడిచింది. మళ్ళీ ఈ కొసదాకా వచ్చింది. యాభై అడుగులూ ఒకటే గీత. ఆ కొసన మొగుడు నిలబడి ఉన్నాడు. మూడు నెలల తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట ఇది.

"మీ నాన్నకీ ఉందా ఇది?"

"చిన్నప్పట్నించీ రుద్దుతూనే ఉన్నా," అన్నాడతను. "మా నాన్న ఒక్కడికే ఉందనుకున్నా."

మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నారన్న సంతోషం కూడా ఎవరికీ తోచలేదు. ఇంజనీరమ్మ అయితే ఇంకా దగ్గరికి జరిగి, చెయ్యి పైదాకా ఒకే ఊపున పోనివ్వకుండా అక్కడే ఎందుకు తిప్పుతారని అడిగింది. మేస్త్రీలకి బదులు గరిటే చెప్పింది. తను పూసినా ఒక చోట తిప్పుతుందట. చెయ్యి భుజం దాటి పైకి లేచాక బరువు తెలుస్తుంది కదా, అందుకని ఎవరైనా తన భుజం దగ్గర తిప్పుతారు. ఆ మాట పూర్తి చేస్తూ చేస్తూ ఆమె ఆగింది. తండ్రిని చూసింది, మామగారిని చూసింది. తర్వాత ఏం తోచిందో, తండ్రి చెయ్యి పట్టుకుని తెచ్చి గోడ పక్కన నిలబెట్టింది.

గీత పొట్టిమేస్త్రి చెవి దగ్గరికి వచ్చింది.

మామగారి చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడి, మామయ్యా, ఒక్కసారి ఇలా రండి అంది. పొడుగుమేస్త్రి రాలేదు. కొడుకు వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి కొడుకు మాటకి కదిలి గోడ పక్కన నిలబడ్డాడంటే అదీ ఒక వింతే. గీత ఆయన ఛాతీ మధ్యకి వచ్చింది.

నవ్వు రావలసిన సంగతే. ఒకాయన నిక్కి నిక్కి, ఒకాయన వంగి వంగి, ముప్ఫై ఏళ్ళుగా తమది కాని భుజం ఎత్తులో కత్తి తిప్పుతున్నారు. గరిటెకి నవ్వు రాలేదు. పెళ్ళిచూపుల రోజు వీళ్ళిద్దరూ ఒకరి ఊరు ఒకరు, ఒకరి పేరు ఒకరు కొత్తగా అడిగి తెలుసుకోవడం ఆమె కళ్ళారా చూసింది. ఆ రోజు నాన్న నీళ్ళ గ్లాసు కింద పడేశాడు, చెయ్యి జారిందన్నాడు. ఇప్పుడది గుర్తొచ్చింది. దాంతోపాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది.

"మామయ్యా," అంది. "ఆ రోజు మా గది గోడలు మీరు రుద్దింది, పూత బాగోలేదని కాదు కదూ?"

పొడుగుమేస్త్రి పూత కత్తి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

జవాబు ఆయన కొడుకు దగ్గర్నుంచి వచ్చింది, మెల్లగా, తనలో తను లెక్కగట్టుకుంటున్నట్టు. ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర తనే అన్నాడట, రేపు మామగారు వచ్చేలోపు దీపం పెట్టి ఆయన చేతివాటం చూసి నేర్చుకుంటాను నాన్నా అని. అన్నందుకు తండ్రి అన్నం వదిలేసి లేచాడట. కడుపులో బాగోలేదేమో అనుకున్నాడు. తెల్లారేసరికి గోడలు నాలుగూ రుద్దేసి ఉన్నాయి. దీపం పెట్టి ఉంటే మామగారి గోడ మీద తన తండ్రి గీతే కనబడేది. మూడు నెలలుగా ఎందుకు తట్టలేదో అని అతను తన నెత్తిన తనే మొట్టుకున్నాడు. ఆ మొట్టికాయ పెళ్ళాం వెయ్యాల్సింది, సరే.

ఈ మాటలకి అందరికంటే ఎక్కువ కదిలిపోయింది పొట్టిమేస్త్రి. మూడు నెలలుగా ఆ అవమానాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నా పూతని రుద్దేశాడు అని తలుచుకుని తలుచుకుని సగమయ్యాడు. ఆయన గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకేసి, వియ్యంకుడి ముఖంలోకి తల పైకెత్తి చూశాడు.

"అందుకా రుద్దావు? నాకొక్క మాట చెప్పలేకపోయావురా, కొంగా."

వియ్యంకుణ్ణి ఎవరైనా బావగారూ అంటారు, కోపమొస్తే ఏమయ్యా అంటారు. రా అనేవాణ్ణి, అందులో కొంగా అని పిలిచేవాణ్ణి నేనైతే ఎక్కడా చూడలేదు. పొడుగుమేస్త్రి కాళ్ళూ మెడా చూస్తే ఆ పేరు పెట్టినవాడికి కళ్ళున్నాయనే అనాలి. అంతకంటే చిత్రం, ఆ పేరు విని ఆయన ఉలిక్కిపడలేదు. చాలా ఏళ్ళుగా ఎవరూ పిలవని పేరు విన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఇద్దరూ తిరగేసిన బకెట్ల మీద కూర్చుని, ఒకరు మొదలెట్టింది ఒకరు పూర్తి చేస్తూ చెప్పుకొచ్చారు. పిల్లల వయసులో ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర చేరారు. ఒకే చాప, ఒకే పళ్ళెం. చేరిన కొత్తలోనే మేస్త్రి నిచ్చెనెక్కి పైమూల పూస్తున్నాడు. కింద ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు నిచ్చెన పట్టుకోవాలి. నిచ్చెన జారింది. మేస్త్రి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతికింది గానీ ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. అంతవరకూ కిందనుంచి పైదాకా ఒకే ఊపున లాగే మనిషి, ఆ తర్వాత భుజం దాకా లాగి అక్కణ్ణుంచి కత్తిని అడ్డంగా తిప్పడం మొదలుపెట్టాడు. పైభాగమంతా బల్ల ఎక్కి అడ్డంగానే పూసేవాడు. ఈ ఇద్దరూ కత్తి పట్టడం నేర్చుకున్నది అది చూసి. నొప్పితో తిప్పుతున్నాడని వాళ్ళకి అప్పుడు తట్టలేదు, పనిలో కిటుకే అది అనుకున్నారు. కొన్నేళ్ళకి తట్టింది. అప్పటికి చేతులు అలవాటు పడిపోయాయి, మార్చుకుంటే గురువుని కాదన్నట్టు ఉంటుందని మార్చుకోలేదు.

గరిటె ఉండబట్టలేక అడిగింది, ఇందులో దాచాల్సింది ఏముంది నాన్నా అని.

"చెబితే ఆ నిచ్చెన సంగతీ చెప్పాలి కదమ్మా," అన్నాడు పొట్టిమేస్త్రి. "ఒక మనిషి చెయ్యి పాడుచేసిన ఇల్లు అని తెలిస్తే సంబంధం ఎవరు కలుపుకుంటారు? పెళ్ళిచూపుల రోజు గుమ్మంలో వీణ్ణి చూసేసరికి నా గుండె ఆగినంత పనైంది. వీడు తెలీనట్టు నటించాడు. నేనూ నటించాను."

మొదట నటించింది నువ్వు అని పొడుగుమేస్త్రి గొణిగాడు.

అయితే ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది ఎవరని గరిటె మొగుడు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఇద్దరూ చెరో పక్కకీ తిరిగారు. ఇంతసేపూ కలిసి నడిచిన కథ అక్కడ తెగిపోయింది. నాలుగేళ్ళు ఒకే చాప మీద పడుకుని కూడా ఆ మాట ఎత్తలేదట. మేస్త్రి కూడా ఎన్నడూ అడగలేదట. ఆ అడక్కపోవడమే భరించలేక ఒకరి తర్వాత ఒకరు చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఇంతసేపూ వింటూ నిలబడ్డ ఇంజనీరమ్మ జేబులోంచి కొలత టేపు తీసింది. నేల మీద ఒక కొస నొక్కిపట్టమని గరిటెకి ఇచ్చి, గీతదాకా లాగింది. నాలుగున్నర అడుగులు. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"మీ ఇద్దర్నీ పిలిచింది నేను కాదు మేస్త్రి గారూ," అంది. "మా తాతయ్య పిలిపించాడు. వాళ్ళిద్దర్నీ ఒకే గోడ మీద పెట్టు, ఆరాక దీపం పెట్టి చూడు, గీత ఉంటే ఎంత ఎత్తుందో కొలిచి ఫోన్ చెయ్యి అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆయన తల దువ్వుకునేది కూడా ఎడం చేత్తోనే."

మేస్త్రీలిద్దరూ బకెట్ల మీద నుంచి లేచి నిలబడ్డారు, ఆ పెద్దమనిషి గదిలోకి వచ్చినట్టే. ఆవిడ ఫోన్ కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టి, నాలుగున్నర తాతయ్యా అంది. ఇద్దరిదీనా అని అవతలి గొంతు అడిగింది. ఇద్దరిదీ, ఒకటే గీత అంది. అక్కడ ఇంకెవరున్నారని అడిగితే, ఒకరి కూతురు, ఒకరి కొడుకు, మొగుడూ పెళ్ళాం అని చెప్పింది. ఆ మాటకి ముసలి గొంతు నవ్విందో దగ్గిందో తెలియలేదు. ఆ అమ్మాయి ఒక్కతే వినేట్టు ఫోనివ్వమన్నాడు.

"అమ్మా, వాళ్ళని నువ్వే అడుగు. ఆ రోజు నిచ్చెన వదిలింది ఎవరూ అని. వాడు వదిలాడు అని ఎవడైనా అన్నాడనుకో, ఆ గీత రుద్దేసి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపొండి. నేనే వదిలాను అని ఇద్దరూ అంటే నేనిప్పుడే బయల్దేరి వస్తాను. అసలేం జరిగిందో వాళ్ళిద్దరికీ తెలీదు."

తను అడగబోయేది ఆ నిచ్చెన గురించే కాదు, తన కాపురం గురించి కూడానని గరిటెకి తెలుసు. వాడు అని ఒక్కరు అన్నా రేపటి పెద్దమనుషులకి ఇక పని ఉండదు. పైగా ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టి అడిగితే ఒకరి నోరు చూసి ఇంకొకరు మాట మారుస్తారు. ఆమె నిన్న పూత మొదలుపెట్టినట్టే ఎవరి కొసకి వాళ్ళు వెళ్ళి నిలబడమంది. ఆ రోజు నిచ్చెన వదిలింది ఎవరో మామయ్యగారు మీ చెవిలో చెబుతారు, మా నాన్న నా చెవిలో చెబుతాడు అంది మొగుడితో. అతను మారు మాట్లాడకుండా తండ్రి వెంట నడిచాడు.

యాభై అడుగుల గోడ. ఆ కొసన పొడుగుమేస్త్రి కొడుకు చెవి దగ్గరికి వంగడం కనబడుతోంది, మాట వినబడదు. ఈ కొసన పొట్టిమేస్త్రి కూతురి భుజం పట్టుకుని మడమలెత్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆమె చెవిలో చెప్పాడు.

"నేనే అమ్మా. నిచ్చెన వదిలి నీళ్ళు తాగడానికి వెళ్ళాను."

గరిటె తండ్రి తల నిమిరింది. నిమిరి, కళ్ళెత్తి ఆ కొసకి చూసింది. మొగుడు అప్పటికే తన వైపు చూస్తున్నాడు. అతను విన్న మాట అతని ముఖం మీద చదువుదామంటే దీపం వెలుగు అంతదూరం పోవడం లేదు. అతను తండ్రి చెయ్యి విడిపించుకుని, గోడ వెంట, ఆ గీత పక్కనే ఆమె వైపు నడవడం మొదలుపెట్టాడు. నడుమ పెన్సిల్ గుర్తు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఏమన్నారమ్మా అని ఫోన్లో ముసలాయన అడుగుతున్నాడు.